బోరు మోటారు స్టార్టర్‌లో నాలుగు బ్రాంచీలు: మెకట్రానిక్స్, మైక్రోకంట్రోలర్ల గురించి ఇంజినీరింగ్ విద్యార్థులకు పరిచయ ప్రసంగం

అందరికీ నమస్కారం. మెకానికల్, ఈఈఈ, ఈసీఈ, సీఎస్‌ఈ వాళ్లందరినీ ఇవాళ ఒకే హాల్లో కూర్చోబెట్టిన మీ అధ్యాపకులకు ముందుగా కృతజ్ఞతలు. మన కాలేజీల్లో ఇలా జరగడం అరుదు. ఒక్కో బ్రాంచీకి ఒక్కో బ్లాకు, ఒక్కో ల్యాబ్, పక్క ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా తెలియకుండానే నాలుగేళ్లూ గడిచిపోతాయి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. యంత్రంలో సమస్య ఎక్కడ కనబడుతుందో పరిష్కారం కూడా అక్కడే ఉండాలని లేదు. ఇనుములో వచ్చిన ఇబ్బందిని నాలుగు లైన్ల కోడ్ తీర్చవచ్చు. కోడ్‌తో నెలల తరబడి కుస్తీ పట్టిన పనిని ఒక చిన్న స్ప్రింగు చేసిపెట్టవచ్చు. ఏది ఎక్కడ తేలికగా, చవకగా, నమ్మకంగా తీరుతుందో చూసి అక్కడ తీర్చడమే మెకట్రానిక్స్. 1969లో జపాన్‌లో యస్కవా ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీరు తెత్సురో మోరి ఈ పేరు పెట్టారు. అది మోటార్లు తయారుచేసే కంపెనీ. మోటారును, దాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్స్‌ను వేరువేరుగా చూస్తే పని జరగదని వాళ్లకు అనుభవంలో తెలిసింది.

బయట మీ పార్కింగ్‌లో ఉన్న బైకుల సంగతే తీసుకుందాం. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వాహనాల పొగను కట్టడి చేసే బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. దాంతో కొత్త బైకుల్లో కార్బ్యురేటర్ దాదాపు కనుమరుగై, ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇంజెక్షన్ బండిలో క్రాంక్ షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్ల చక్రం ఒకటుంటుంది. దానికి ఎదురుగా ఒక సెన్సర్. పన్ను దాటినప్పుడల్లా ఒక పల్స్ పుడుతుంది. చాలా ఇంజన్లలో ఒకచోట పన్నును కావాలనే తీసేస్తారు. ఆ ఖాళీ తగలగానే షాఫ్ట్ ఇప్పుడు ఏ కోణంలో ఉందో ఇంజన్‌ను అదుపు చేసే చిన్న కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి తెలిసిపోతుంది. ఇప్పుడు లెక్క చూడండి. 6000 ఆర్‌పీఎం దగ్గర షాఫ్ట్ సెకనుకు 100 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 10 మిల్లీసెకన్లు. అంటే ఒక డిగ్రీకి సుమారు 28 మైక్రోసెకన్లు. స్పార్క్ నాలుగైదు డిగ్రీలు ముందుకో వెనక్కో జరిగితే ఇంజన్ తేడాగా నడుస్తుంది, పెట్రోలు దండగ. కాబట్టి ఈసీయూలో ఉన్న చిప్‌కి పెద్దపెద్ద లెక్కలు రాకపోయినా ఫరవాలేదు. టైముకి పని చేయడం మాత్రం కచ్చితంగా రావాలి.

మీ ల్యాప్‌టాప్ దానికంటే ఎన్నో రెట్లు వేగంగా లెక్కలు చేస్తుంది. కానీ సరిగ్గా 28 మైక్రోసెకన్ల తర్వాత ఒక పిన్‌ను ఆన్ చేయమంటే హామీ ఇవ్వలేదు. ఆ క్షణంలో దాని ఆపరేటింగ్ సిస్టమ్ ఏ అప్‌డేట్ చూసుకుంటుందో మనకు తెలియదు. ఆ హామీ ఇచ్చేది మైక్రోకంట్రోలర్. ప్రాసెసర్, ప్రోగ్రాము దాచుకునే మెమరీ, కొద్దిపాటి ర్యామ్, టైమర్లు, బయటి వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ, ఇన్‌పుట్ అవుట్‌పుట్ పిన్నులు అన్నీ ఒకే చిప్‌లో ఉంటాయి. 1971లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో గ్యారీ బూన్, మైఖేల్ కాక్రన్ ఇలాంటి చిప్ తయారుచేశారు. మీ సిలబస్‌లో ఉన్న 8051ని ఇంటెల్ 1980లో తెచ్చింది. మీలో చాలామంది కొనుక్కున్న ఆర్డుయినో యూనోలో ఉండే ఏటీమెగా328పీకి 16 మెగాహెర్ట్జ్ వేగం, ప్రోగ్రాముకి 32 కేబీ, ర్యామ్ 2 కేబీ. యూనికోడ్‌లో, యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే తెలుగు అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కోదానికి 3 బైట్లు పడుతుంది. ఆ లెక్కన ఆ ర్యామ్‌లో సగం పేజీ తెలుగు కూడా పట్టదు. ఆ కాస్త చోటులోనే యంత్రాన్ని నడిపించాలి.

8051 గురించి ఒక మాట. ల్యాబ్ కిట్ మీద క్రిస్టల్ చూడండి, చిప్ ఎంత వేగంతో నడవాలో చెప్పేది అదే. దాని మీద 11.0592 అని ఉంటుంది, అంటే మెగాహెర్ట్జ్. రికార్డులో అందరూ ఆ అంకె రాసేస్తారు, వైవాలో ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరు. ఆ 1,10,59,200ను 12తో భాగించండి, తర్వాత 32తో భాగించండి. 28,800 వస్తుంది. దాన్ని 3తో భాగిస్తే సరిగ్గా 9600, అంటే చిప్ కంప్యూటర్‌తో మాట్లాడే సీరియల్ పోర్టు వేగం. అదే 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెడితే చివరికి 10,417 దగ్గర తేలుతుంది. 8 శాతం పైగా తేడా. అవతల స్క్రీన్ మీద పిచ్చి అక్షరాలు వస్తాయి. కోడ్‌లో తప్పేమీ ఉండదు, మీరు రాత్రంతా కోడ్‌లోనే వెతుకుతూ కూర్చుంటారు.

ఇక అసలు ఉదాహరణకి వస్తాను. మీలో సగం మంది ఇళ్లలో వ్యవసాయం ఉంటుంది. బోరు మోటారు, దాని స్టార్టర్ డబ్బా మీకు చిన్నప్పటి నుంచి తెలిసినవే. త్రీఫేజ్ కరెంటు ఏ అర్ధరాత్రో వస్తే, టార్చిలైటు పట్టుకుని చేను దాకా నడిచి వెళ్లి మోటారు వేసి రావాలి. దారిలో పాములు, తడి నేల, మూత ఊడిన స్టార్టర్ డబ్బా. ఈ బాధ తప్పించుకోవడానికే మన రైతులు కరెంటు రాగానే మోటారును దానంతటదే వేసే ఆటో స్టార్టర్లు, తర్వాత సెల్‌ఫోన్‌తో పనిచేసే స్టార్టర్లు పెట్టుకున్నారు. చాలామందికి ఇది మినీ ప్రాజెక్టు స్థాయి పనిలా కనిపిస్తుంది. సెల్‌ఫోన్ మెసేజీలు అందుకునే ఒక జీఎస్ఎం మాడ్యూల్, స్విచ్‌లా పనిచేసే ఒక రిలే, మెసేజ్ వస్తే ఆన్, ఇంకో మెసేజ్ వస్తే ఆఫ్. ఇక్కడితో ఆపేస్తే ఆ రైతు మోటారు మొదటి సీజన్‌లోనే కాలిపోతుంది.

ఎందుకో చూద్దాం. మూడు ఫేజుల్లో ఒకటి పోయిందనుకోండి. నడుస్తున్న మోటారు ఆగదు. మిగిలిన రెండు ఫేజుల నుంచి ఎక్కువ కరెంటు లాగుతూ లోపల వేడెక్కుతుంది. ఆగి ఉన్న మోటారైతే తిరగకుండా గుయ్‌మని మూలుగుతుంది. అప్పుడు వైండింగ్ కాలడానికి ఎక్కువసేపు పట్టదు. ఎండాకాలంలో బోరులో నీళ్లు అయిపోతే ఇంకో ప్రమాదం. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లగా ఉంచేది దాని చుట్టూ ఉన్న నీళ్లే. నీళ్లు లేకుండా తిరిగితే బేరింగులు అరిగిపోతాయి, వైండింగ్ మాడిపోతుంది. రైతు గట్టు మీద ఉంటే పైపులో నీళ్లు రావట్లేదని చూసి ఆపేస్తాడు. ఫోన్‌తో నడిపే రైతు ఊళ్లో ఉన్నాడు, ఆయనకు కనిపించదు. ఆ కళ్లు మీ చిప్‌కి ఉండాలి.

నీళ్లున్నాయో లేవో తెలుసుకోవడానికి ఏం చేస్తారు? మెకానికల్ విద్యార్థి వెంటనే పైపుకి ఫ్లో సెన్సర్ పెడదామంటాడు. బోరు నీళ్లలో ఇసుక వస్తుంది, సెన్సర్ చక్రం ఇరుక్కుపోతుంది. సెన్సర్‌ను బోరులోకి దించుదామంటే, వందల అడుగుల లోతుకు అదనంగా కేబుల్ వెయ్యాలి. మోటారు తీసే ప్రతిసారీ అది తెగుతుంది. కానీ పంపు నీళ్లు తోడనప్పుడు దాని మీద భారం తగ్గుతుంది, భారం తగ్గితే లాగే కరెంటు తగ్గుతుంది. ఆ కరెంటును పైన స్టార్టర్ డబ్బాలోనే, వైరు చుట్టూ పెట్టే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) కాయిల్‌తో కొలవవచ్చు. బోరులోకి ఏమీ దించక్కర్లేదు. వందల అడుగుల కింద ఉన్న నీళ్ల సంగతి పైన వైరులో తెలుస్తోంది. మెకట్రానిక్స్‌లో నాకు చాలా ఇష్టమైన చోటు ఇది.

అయితే కొలవడంలో జాగ్రత్త కావాలి. సీటీ ఇచ్చేది ఏసీ. ఆర్డుయినో ఏడీసీ 0 నుంచి 5 వోల్టుల మధ్యే చూస్తుంది, మైనస్ చూడదు. అందుకని రెండు సమానమైన రెసిస్టర్లతో ఆ అలను 2.5 వోల్టుల చుట్టూ ఆడేలా పైకి ఎత్తాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఒక అల 20 మిల్లీసెకన్లు. ఏడీసీ ఒక్కో కొలతకు దాదాపు 100 మైక్రోసెకన్లు తీసుకుంటుంది కాబట్టి ఒక అలలో బోలెడు కొలతలు తీసుకుని ఆర్ఎంఎస్, అంటే పైకీ కిందికీ ఊగే ఆ కరెంటు అసలు బలం ఎంతో లెక్క కట్టవచ్చు. చాలామంది సెకనుకు ఒక్కసారి కొలిచి, మధ్యలో డిలే పెట్టేస్తారు. అలా చేస్తే అల దాదాపు ఒకే చోట దొరుకుతూ ఉంటుంది. మోటారు నడుస్తున్నా కొలత సున్నా దగ్గరే కనిపించే అవకాశం ఉంది.

అలాగే మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అది తెలియకుండా ఓవర్‌లోడ్ కోడ్ రాస్తే మోటారు వేసిన ప్రతిసారీ ట్రిప్ అవుతుంది. మొదటి కొన్ని సెకన్లు ఆ పరిమితిని పక్కన పెట్టాలి. ఈ సంగతి సీఎస్‌ఈ పుస్తకంలో ఉండదు, ఈఈఈ అమ్మాయికి మాత్రం రెండో ఏడాదే తెలుసు.

ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్దాం. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద పది మోటార్లున్నాయి, అన్నింటికీ ఆటో స్టార్టర్లే. కరెంటు పోయి మళ్లీ వచ్చింది. పదీ ఒక్కసారే లేస్తాయి. 5 హెచ్‌పీ మోటారు మామూలుగా 7, 8 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, ఆ మొదటి సెకన్లలో పదీ కలిసి లాగేది 400 ఆంపియర్లకు చేరుతుంది. వోల్టేజీ పడిపోతుంది, మోటార్లు అందుకోలేవు, ఫ్యూజులు పోతాయి, ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు. అది కాలితే కొత్తది వచ్చేదాకా పొలాలన్నీ ఎండాల్సిందే. దీనికి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒక పరిష్కారం, లక్షల్లో ఖర్చు. రెండో పరిష్కారం, ప్రతి స్టార్టర్‌లో కరెంటు వచ్చాక ఎంతో కొంతసేపు ఆగి మోటారు వేయమని రెండు లైన్ల కోడ్. ఒకరు 40 సెకన్లు ఆగుతారు, ఇంకొకరు మూడు నిమిషాలు.

ఆ రెండు లైన్లలో కూడా ఒక గొయ్యి ఉంది. ఎంతసేపు ఆగాలో ఎంచుకోవడానికి ఆర్డుయినోలో ర్యాండమ్ అని అడిగితే వచ్చే అంకెలు నిజంగా యాదృచ్ఛికం కావు. బోర్డు ఆన్ చేసిన ప్రతిసారీ అదే వరుసలో వస్తాయి. అంటే ఒకే ప్రోగ్రాము ఎక్కించిన పది స్టార్టర్లూ ఒకే అంకె ఎంచుకుని, అన్నీ కలిసి అదే సెకనుకు లేస్తాయి. మీ బల్ల మీద ఒక్క బోర్డుతో పరీక్షిస్తే ఈ తప్పు జన్మలో దొరకదు. పొలంలో పది పెట్టాకే బయటపడుతుంది. అందుకని ఒక్కో స్టార్టర్‌కి వేరే విత్తనం (సీడ్), అంటే ఆ వరుస మొదలయ్యే అంకె ఇవ్వాలి. జీఎస్ఎం మాడ్యూల్‌కి ఉండే ఐఎంఈఐ నంబరు ఏ రెండింటికీ ఒకటి కాదు, దాన్నే సీడ్‌గా వాడుకోవచ్చు.

ఇంకా కాంటాక్టర్ ఉంది, మోటారుకి కరెంటు కలిపి, తెంచే పెద్ద స్విచ్ అది. దాని కాయిల్ ఆఫ్ అయినప్పుడు పుట్టే వోల్టేజీ దెబ్బకు పక్కనున్న చిప్ రీసెట్ అయిపోవడమో, మధ్యలో బిగుసుకుపోవడమో జరుగుతుంది. చిప్‌ను ఆ వైపు నుంచి విడిగా ఉంచే ఆప్టోకప్లర్, ఆ దెబ్బను మింగేసే స్నబ్బర్ సర్క్యూట్ పెట్టాలి. చిప్‌లో ఉండే వాచ్‌డాగ్ టైమర్‌ను వాడాలి. ప్రోగ్రాము గడువులోగా దానికి కబురు పంపకపోతే అది చిప్‌ను తనంతట తనే మళ్లీ మొదలుపెట్టిస్తుంది. మళ్లీ మొదలైన చిప్ చేయాల్సిన మొదటి పని మోటారును ఆఫ్‌లో ఉంచడం.

ఈ డబ్బా చుట్టూ ఇంకో ప్రశ్న కూడా ఉంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతులను కోరింది. కరెంటు ఆగకుండా ఉండి, మోటారు దానంతటదే నడుస్తూ ఉంటే భూగర్భ జలాలు అడుగంటిపోతాయని భయం. ఆ భయం న్యాయమైనదే. కాబట్టి మీరు స్టార్టర్ చేస్తే ఎప్పుడు వేయాలో మాత్రమే కాదు, ఎప్పుడు ఆపాలో కూడా దానికి తెలియాలి. మడి తడవడానికి ఎన్ని గంటలు చాలో రైతు చెప్పగలగాలి, అది అయిపోగానే ఆగాలి.

నీళ్ల తొట్టి మట్టం కొలవడానికి మీరందరూ వాడే అల్ట్రాసోనిక్ సెన్సర్ గురించి కూడా చెప్పి ముగిస్తాను. అది శబ్దాన్ని పంపి, ప్రతిధ్వని వచ్చేదాకా పట్టిన టైముతో దూరం లెక్క కడుతుంది. కోడ్‌లో అందరూ ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు అని రాస్తారు. అది 20 డిగ్రీల దగ్గర మాట. రామగుండంలో మే నెలలో 44 డిగ్రీల ఎండలో ధ్వని వేగం 358 దగ్గర ఉంటుంది. మీటరు దూరాన్ని మీ సెన్సర్ 96 సెంటీమీటర్లని చెబుతుంది. సెన్సర్ చెడిపోలేదు. పక్కన ఎల్‌ఎం35 అనే చిన్న ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి పెట్టి ఉష్ణోగ్రత చదివి వేగాన్ని సరిదిద్దితే చాలు. ఎవరో వేరే వాతావరణంలో రాసి నెట్‌లో పెట్టిన కోడ్‌ను మన ఎండల్లో వాడేటప్పుడు ఇలాంటివి చూసుకోవాలి.

దయచేసి ప్రాజెక్టులు రెడీమేడ్‌గా కొనకండి. అమీర్‌పేటలో డబ్బు కడితే బోర్డు, రిపోర్టు, పీపీటీ అన్నీ చేతిలో పెడతారని నాకూ తెలుసు. మీ ఇళ్లలో ఫీజులకే ఎంత టెన్షన్ పడుతున్నారో తెలుసు కాబట్టే చెబుతున్నాను. అంతకంటే చాలా తక్కువ ఖర్చుతో కోఠీ గుజరాతీ గల్లీలో ఒక బోర్డు, రిలే, నాలుగు సెన్సర్లు వస్తాయి. పాడు చేసుకుంటూ నేర్చుకోవచ్చు. 415 వోల్టుల జోలికి మాత్రం సొంతంగా వెళ్లవద్దు. అది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్, మీ లెక్చరర్ పక్కన ఉన్నప్పుడే.

మధ్యాహ్నం రెండింటికి ల్యాబ్‌లో కలుద్దాం. ప్రతి బల్ల దగ్గర నలుగురు, నాలుగు బ్రాంచీల నుంచి ఒక్కొక్కరు. బల్ల మీద ఒక ఆర్డుయినో, 12 వోల్టుల చిన్న పంపు, బకెట్ నీళ్లు, 1 ఓమ్ రెసిస్టర్ ఉంటాయి. పంపును నీళ్లలోంచి పైకి తీస్తే 5 సెకన్లలో అది ఆగిపోవాలి, పైపులో చిన్న గాలి బుడగ వచ్చినంత మాత్రాన ఆగకూడదు. కోడ్ నేను ఇవ్వను. నీళ్లున్నప్పుడు ఎంత కరెంటు, లేనప్పుడు ఎంత అన్నది ముందు మీరే కొలిచి కాగితం మీద రాసుకోండి, తర్వాతే ల్యాప్‌టాప్ తెరవండి. ఈలోగా ప్రశ్నలుంటే అడగండి, వెనక వరుసల్లో వాళ్లు ముందు.