మద్ది, మడ్డి, మత్తి: చెన్నైలో తెలుగు ఇంటిపేరు చెడకుండా రాయించుకోవడం

నమస్కారమండి. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. కాగితం మీద మీ ఇంటిపేరు తెలుగులో రాయండి. దాని కింద ఇంగ్లీషులో, ఆ కింద తమిళంలో. తమిళం రాయడం రాకపోతే పక్కింటివాళ్ళ చేత రాయించండి. మూడో వరుస మాత్రం వదిలేయకండి, చెన్నైలో పేర్లు ఎక్కువగా చెడేది అక్కడే.

మేం రాసింది తెర మీద చూడండి. పై వరుసలో 'మద్ది'. మద్ది చెట్టు, ఆ ఇంటిపేరు. రెండో వరుస ఇంగ్లీషు: ఎమ్, ఏ, రెండు డీలు, ఐ. దీన్ని తెలుగు రానివాళ్ళ చేతికిస్తే 'మడ్డి' అని చదువుతారు. మడ్డి అంటే నూనె డబ్బా అడుగున పేరుకునేది. చదివినవాళ్ళ తప్పేం లేదు, ఇంగ్లీషులో ద, డ రెండింటికీ డీ ఒక్కటే. ఇక మూడో వరుస. తమిళంలో ద్ద రాయాలంటే త అక్షరాన్నే ఒత్తి రాయాలి. అప్పుడది 'మత్తి' అవుతుంది. చేపల బజారులో మత్తి అంటే కవళ్ళ చేప. చెట్టు కాస్తా రెండు వరుసలు దిగేసరికి చేప అయింది.

ఎందుకిలా? తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. ట, డ లకు ఒకటి, త, ద లకు ఒకటి, ప, బ లకు ఒకటి. ఒత్తక్షరాలు ఖ, ఘ, థ, ధ, ఫ, భ కూడా వాటిలోనే. మరి ఏది పలకాలో ఎలా తెలుస్తుంది? అక్షరం ఉన్న చోటును బట్టి. మాట మొదట్లో ఉంటే క, ట, త, ప. రెండు అచ్చుల మధ్య ఒంటరిగా ఉంటే మెత్తబడుతుంది: గ, డ, ద, బ. సున్నా తర్వాతా అంతే. ద్విత్వమైతే మళ్ళీ గట్టిది: క్క, ట్ట, త్త, ప్ప.

ఇప్పుడు మీ ఇంటిపేరును ఈ లెక్కలో పెట్టి చూడండి. గ, ద, బ లతో మొదలవుతుందా? 'బండి'ని 'పండి' అనీ, 'గల్లా'ని 'కల్లా' అనీ చదువుతారు. ఇక్కడ చేయగలిగింది తక్కువే, నోటితో చెప్పాల్సిందే. మధ్యలో ఒంటరి ట, త, క, ప ఉన్నాయా? దీన్ని మాత్రం బాగు చేయొచ్చు. 'కోట' ఉన్నదున్నట్టు రాస్తే 'కోడ' అయిపోతుంది, ట ని ఒత్తి రాయిస్తే ట నిలబడుతుంది. 'పాటి'తో ముగిసే ఇంటిపేర్లవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. ఒత్తకపోతే 'పాడి', ఒత్తితే 'పాట్టి', అంటే తమిళంలో నాయనమ్మ. అయినా ఒత్తే రాయించండి. అర్థం కంటే పలుకు ముఖ్యం, పిలిచినప్పుడు మీ పేరు మీకు వినపడాలి కదా. ఇక మద్ది, గడ్డం, గద్దె లాంటి పేర్లలో ఉన్న ద్ద, డ్డ లను రాయడానికి తమిళ లిపిలో దారి లేదు. వీళ్ళు ఇంగ్లీషు వరుసనే నమ్ముకోవాలి.

ఇంగ్లీషు వరుసకు ఒక హెచ్చరిక. ఇక్కడ త కి టీహెచ్ రాస్తారు, ఒట్టి టీ అంటే ట. ఆంధ్రలో రెండింటికీ టీ సరిపెడతాం. అందుకని చెన్నై వచ్చాక స్పెల్లింగు మార్చేయాలని కొందరికి అనిపిస్తుంది. మార్చకండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఏ అక్షరాలున్నాయో ఆధార్‌లో, పాన్‌లో, పాస్‌పోర్టులో అవే ఉండాలి. దిద్దుకోవాల్సింది తమిళ వరుసే.

దిద్దే చోటు ఆధార్ కేంద్రం. ఆపరేటరు ఇంగ్లీషులో టైపు చేస్తుంటే పక్కన తమిళ పేరు దానంతట అదే వచ్చేస్తుంది. మెషీన్‌కి మీ పేరు మద్దో మడ్డో తెలియదు. తెర మీ వైపు తిప్పమని అడిగి, తమిళం వచ్చినవాళ్ళ చేత పైకి చదివించుకుని, తప్పుంటే సబ్మిట్ కొట్టకముందే దిద్దించండి. ఆధార్‌లో పేరు మార్పు జీవితకాలంలో రెండుసార్లే, కాబట్టి ఈ నిమిషం విలువైంది. ఓటర్ల జాబితాలో తప్పు పడితే ఫారం 8.

ఇనీషియల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మనకు పేరు ముందున్న అక్షరం ఇంటిపేరుది. తమిళులకు అది తండ్రి పేరుది. బడి ఫారంలో 'ఎమ్' అని ఒక్క అక్షరం రాసి వస్తే, తండ్రి పేరు ఎమ్‌తో మొదలవుతుందనే అనుకుంటారు. ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయండి.

ఒకదాన్ని ఇంకోటిగా పొరబడే ఊళ్ళ పేర్లకి వద్దాం. రాయపురం ఉత్తర చెన్నైలో, 1856లో రైల్వే స్టేషను తెరిచిన చోటు. రాయపేట మైలాపూరు వైపు. పిన్‌కోడు మొదటిదానికి 600013, రెండోదానికి 600014. ఒక్క అంకె తేడా, అందుకే అంకెలు, పేరు రెండూ రాయాలి. పెరంబూరు నగరంలోనే ఉంది, 600011. శ్రీపెరుంబుదూరు కాంచీపురం జిల్లా, 602105. ఇంటర్వ్యూ ఒకచోట, మనిషి ఇంకోచోట అయ్యే జంట ఇది. రైలు టికెట్టు తీసేటప్పుడు స్టేషను కోడు చూడండి: తిరువళ్ళూరు టీఆర్ఎల్, అరక్కోణం దారిలో. తిరువారూరు టీవీఆర్, త్యాగరాజస్వామి పుట్టిన ఊరు, కావేరి డెల్టాలో. తిరువొత్తియూరు, తిరువాన్మియూరు రెండూ చెన్నైలోవే, ఒకటి ఉత్తరం కొస, ఒకటి దక్షిణం.

చింతాద్రిపేటకు చింత చెట్టుతో సంబంధం లేదు. తమిళంలో తరి అంటే మగ్గం. 1730లలో నేతగాళ్ళ కోసం వెలసిన చిన్న తరి పేట అది, చిన్న మగ్గాల పేట. 2020 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం 1,018 ఊళ్ళకు తమిళ పలుకుబడికి తగ్గ ఇంగ్లీషు స్పెల్లింగులిచ్చి, ఆ నెలలోనే ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. అందుకని అడ్రసులో పాత స్పెల్లింగే రాయండి.

ఇప్పుడు నాలుక. మనకు ల, ళ రెండే, తమిళులకు మూడు. ల కి నాలుక కొన పై పళ్ళ వెనక తగలాలి. ళ కి కొన మడిచి అంగిలికి తగిలించాలి. మూడోదానికి, ఇంగ్లీషులో జెడ్‌హెచ్ అని రాసేదానికి, అలాగే మడవాలి కానీ ఎక్కడా తగలకూడదు. తేడా ఎందుకంటే, 'వలి' అంటే నొప్పి, ఆ మూడో ళకారంతో అంటే దారి. కిరాణా కొట్లో చింతపండు 'పుళి'. 'పులి' అంటే పులే, తమిళంలోనూ.

మాటలు కొన్ని. గోడ మీద 'వీడు వాడగైక్కు' అని ఉంటే ఇల్లు అద్దెకు అని. వీడూ కాదు, వాడుకా కాదు. పెళ్ళిలో 'ముదల్ పంది' అంటే మొదటి బంతి. మన బంతి, వాళ్ళ పంది రెండూ పంక్తి నుంచి వచ్చినవే. తమిళ 'అవసరం' తొందర. నాకు అవసరం అని చెప్పాలంటే 'తేవై' అనండి. ఆసుపత్రిలో 'అవసర సిగిచ్చై పిరివు' అన్న బోర్డు గుర్తుపెట్టుకోండి, అదే ఎమర్జెన్సీ. దాని తలుపు మీద 'తళ్ళు' అని ఉంటే నెట్టాలి, 'ఇళు' అని ఉంటే లాగాలి.