పట్టుచీరకు తలంటు

అమ్మలకు, అక్కచెల్లెళ్ళకు, వెనక వరసలో సర్దుకుని కూర్చున్న అన్నయ్యలకు నమస్కారం.

శ్రావణమాసం దగ్గరపడింది. బీరువాల్లోంచి పట్టుచీరలు బయటికొచ్చే రోజులు. వరలక్ష్మీవ్రతం అయిన మర్నాడు నాకు ఏటా కొన్ని ఫోన్లు వస్తాయి. "మేడమ్, చీర మీద పసుపు పడింది, సబ్బు పెట్టి రుద్దితే ఎర్రగా మారింది, ఇప్పుడేం చేయాలి?" ఈసారి ఆ టెన్షన్ రాకముందే నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. ముప్పై ఏళ్ళు కాలేజీలో హోంసైన్స్ చెప్పాను గానీ, ఈ విషయం నేను నేర్చుకున్నది మాత్రం మా అమ్మ పెళ్ళిచీర దగ్గర.

అది ధర్మవరం చీర. వక్కరంగు ఒళ్ళు, పసుపుపచ్చ అంచు. అమ్మ నాకిచ్చిన ఏడాదే దాని మీద పాయసం ఒలికింది. నాకప్పుడు తెలిసిందల్లా నూలు బట్టలు ఉతికే పద్ధతే. బకెట్టులో సబ్బు పొడి కలిపి రాత్రంతా నానబెట్టాను. పొద్దున చూస్తే నీళ్ళు చిక్కటి తమలపాకు ఉమ్మిలా ఉన్నాయి. పసుపుపచ్చ అంచు బురదరంగుకి తిరిగింది. సరే, రంగు పోతే పోయిందనుకున్నాను. మూడేళ్ళు తిరక్కుండానే మడతల వెంబడి పట్టు చీలిపోవడం మొదలైంది. అమ్మ ఒక్క మాట అనలేదు. ఆవిడ ఏమైనా అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఏం జరిగిందో తర్వాత చదువుకుంటే అర్థమైంది. నూలు చెట్టు నుంచి వచ్చేది, అంటే సెల్యులోజ్. పట్టు పురుగు ఒంట్లోంచి వచ్చేది. అది ప్రోటీన్. మన జుట్టూ ప్రోటీనే. కావాలంటే చీర కుచ్చుల్లోంచి ఊడిన పోగొకటి తీసి నిప్పు చూపించండి. అచ్చం వెంట్రుక కాలిన కంపు కొడుతుంది, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కలిసిన పోగైతే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. కాబట్టి పట్టుచీర ఉతకబోయే ముందు, ఇదే నా జుట్టయితే ఈ పని చేస్తానా అని అడుక్కోండి. బట్టల సోడాతో తలంటుకుంటామా? సలసల కాగే నీళ్ళు తల మీద పోసుకుంటామా? బండకేసి బాదుకుంటామా?

బట్టల సబ్బుల్లో, పొడుల్లో క్షారం ఎక్కువ. క్షారం ప్రోటీన్‌ని తినేస్తుంది. దానికి తోడు ఈ రోజుల్లో మరకలు వదిలించే పొడుల్లో చాలావాటిలో ఎంజైములు కలుపుతున్నారు. రక్తం, పాలు, గుడ్డు మరకల్ని విరగ్గొట్టడమే వాటి పని, ఎందుకంటే అవన్నీ ప్రోటీన్లు. మరి పట్టు కూడా ప్రోటీనే కదా! ఇది మరక, ఇది చీర అని ఎంజైముకి తేడా తెలియదు. ఇక క్లోరిన్ బ్లీచ్ సంగతి చెప్పనే అక్కర్లేదు, పట్టుని ఏకంగా కరిగించేస్తుంది.

మొన్న ఒకావిడ మంచి ప్రశ్న వేశారు. "మగ్గం ఎక్కే ముందు పట్టుని సబ్బు, సోడా వేసి ఉడికిస్తారట కదండీ, అప్పుడు పాడవనిది మా బకెట్టులో ఎందుకు పాడవుతుంది?" నిజమే, ఉడికిస్తారు. పురుగు తన గూడు అతుక్కోవడానికి పూసిన జిగురు ముడిపట్టు బరువులో పావు వంతు దాకా ఉంటుంది. అది పోతేనే మెరుపు బయటపడేది. సోడా ముందు తినేది ఆ జిగురునే. ఎంత సోడా వేయాలో, ఎప్పుడు పైకి తీయాలో ఆ పని చేసేవాళ్ళకి చేతి లెక్క. మన దగ్గరికి వచ్చేసరికి ఆ జిగురు ఉండదు, ఇక మిగిలింది అసలు పోగే.

ఏవి ఇంట్లో ఉతకొచ్చు, ఏవి ఉతకకూడదు? నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. పెద్ద జరీ అంచున్న కంచి, ధర్మవరం చీరలు బకెట్టులో వేయొద్దు. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండి తీగ చుట్టి, దాని మీద బంగారు పూత పూసినది. ఇప్పుడు రాగి తీగతో చేసిందీ, ప్లాస్టిక్ పొరతో చేసిందీ కూడా వస్తున్నాయి, మనది ఏదో కంటితో చూసి చెప్పడం కష్టం. పోచంపల్లి పట్టు ఇకత్‌లో దారాన్ని ముడులు కట్టి రంగులద్దుతారు, రంగు కాస్త దిగినా ఆ డిజైన్ అంచులు మసకబారిపోతాయి. గద్వాల చీరకి ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. తడిస్తే నూలు ఒకలా ముడుచుకుంటుంది, పట్టు ఇంకోలా. ఆ రెండూ కలిసే చోటే పేచీ. ఇలాంటివి డ్రై వాష్‌కి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మాత్రం ఏం మరకో నోరు తెరిచి చెప్పండి. అక్కడ వాడేది నీళ్ళు కాదు, ఒక రకం ద్రావకం. నూనె, నెయ్యి దానికి లొంగుతాయి. చెమట, పంచదార అంత తేలిగ్గా లొంగవు. కంటికి కనిపించని పాయసం చుక్క కొన్ని నెలలకి గోధుమరంగు మచ్చగా బయటపడేది అందుకే.

సాదా పట్టు, మెత్తటి సిల్క్ చీరలు, పట్టుపంచెలు, పిల్లల లంగాలు, లైనింగ్ లేని జాకెట్లు ఇంట్లోనే ఉతుక్కోవచ్చు. ముందు రంగు పరీక్ష. బొడ్లో దోపుకునే లోపలి కొస కొంచెం తడిపి, తెల్ల గుడ్డలో పెట్టి నిమిషం సేపు గట్టిగా అదమండి. గుడ్డకి రంగు అంటిందా, ఆ చీర మీ చేతి పని కాదు. రాళ్ళుప్పు నీళ్ళలో ముంచితే రంగు నిలబడుతుందని చాలామంది చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి. ఉప్పు పట్టుకి శత్రువు. జాకెట్టు చంకల దగ్గర పట్టు పీలిపోవడానికి చెమటలోని ఉప్పు కూడా కారణమే.

ఇక తలంటు. ఒక చీరకి ఎనిమిది, పది కుంకుడుకాయలు చాలు. గింజలు తీసేసి, రాత్రే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పొద్దున పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. వడకట్టకపోతే తొక్క ముక్కలు నేతలో ఇరుక్కుంటాయి. రసం గోధుమరంగులో ఉంటుంది కాబట్టి తెల్లపట్టుకి, లేత గంధం రంగుకి ఇది వద్దు, ఉన్ని బట్టలకు వాడే లిక్విడ్ రెండు చెంచాలు చాలు. మన రాయలసీమ బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. ఆ నీళ్ళలో సబ్బు తెట్టు కట్టి బట్టకి పట్టుకుంటుంది, కుంకుడు రసం అలా తెట్టు కట్టదు. మా అమ్మమ్మ పట్టుబట్టల కోసం చూరు కింద గంగాళం పెట్టి వాన నీళ్ళు పట్టేది. అదేదో ఆచారం అనుకునేదాన్ని, కెమిస్ట్రీ అని తర్వాత తెలిసింది.

చల్లని నీళ్ళ బకెట్టులో రసం కలిపి చీర ముంచండి. రెండు మూడు నిమిషాలు, అంతే. తడిసిన పట్టు బలం ఐదో వంతు దాకా తగ్గుతుంది. అందుకే రుద్దొద్దు, మెలిపెట్టి పిండొద్దు, కుళాయికి వేలాడదీయొద్దు. అరచేతులతో నొక్కుతూ వదులుతూ ఉండండి. నీళ్ళు తేటపడేదాకా జాడించండి. జరీ లేని చీరకైతే ఆఖరి బకెట్టులో చెంచాడు వెనిగర్ వేయొచ్చు. ఆరాక చెవి దగ్గర పెట్టుకుని నలిపి చూడండి, కొత్త చీరలా గరగరమంటుంది. తడి చీరని పెద్ద తువ్వాలులో పరిచి చాపలా చుట్టి నొక్కితే నీళ్ళన్నీ తువ్వాలే తాగేస్తుంది. తర్వాత నీడపట్టున, గాలి ఆడే చోట. ఎండలో వేస్తే రంగు వెలుస్తుంది, తెల్లపట్టు పసుపుపచ్చకి తిరుగుతుంది. కొంచెం చెమ్మ ఉండగానే తిరగేసి, తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయండి. పూర్తిగా ఆరిపోయాక నీళ్ళు చిలకరిస్తే ఆ చుక్కలు చుక్కలుగానే మిగిలిపోతాయి.

ఇప్పుడు పసుపు మరక. మన పెళ్ళిళ్ళలో పారాణి ఎలా కలుపుతారు? పసుపులో సున్నం వేస్తే ఎర్రగా అవుతుంది. సబ్బులోనూ క్షారమే ఉంది. చీర మీద పసుపుకి సబ్బు పెడితే మీరు పట్టు మీద పారాణి కలుపుతున్నట్టే. పొడి పసుపైతే ముందు ముట్టుకోకుండా దులిపేయండి, తడి పసుపైతే ఆరనిచ్చి దులపండి. అప్పటికే ఎర్రబడి ఉంటే, రంగు పరీక్షలో నెగ్గిన చీరే అయితే, నీళ్ళలో కలిపిన వెనిగర్ దూదితో అద్దండి, మళ్ళీ పసుపురంగుకి వస్తుంది. పసుపురంగు వెలుతురుకి నిలవదు, కొన్నాళ్ళు నేరుగా ఎండ తగలని వెలుగులో ఉంచితే పల్చబడుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేను. నెయ్యి పడితే వెంటనే శనగపిండో, పౌడరో చల్లి గంటసేపు వదిలేయండి, జిడ్డుని అది పీలుస్తుంది.

కట్టిన ప్రతిసారీ ఉతకాలని కూడా లేదు. మా ఇంట్లో మడి పట్టుబట్ట రోజూ తడిపేవారు కాదు, దండెం మీద గాలికి ఆరేసేవారు. గుడి నుంచి రాగానే చీర మడిచి బీరువాలో తోసేయకండి, ఒక రాత్రి గాలికి వేయండి. తర్వాత మల్లుగుడ్డలో చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ కవరు వద్దు. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలనివ్వకండి. రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి.

మా అమ్మ చీరలో చీలికలు లేని మూడు గజాలు మిగిలాయి. దాంతో మా మనవరాలికి లంగా కుట్టించాను. మొన్న పుట్టినరోజున దాని మీదా పాయసం ఒలికింది. రంగు దిగడం ఎప్పుడో ఆగిపోయింది, జరీ అంచు కూడా లేదు. రాత్రి కుంకుడుకాయలు నానబెట్టి రసం తీసి సీసాలో తెచ్చాను. లంగా ఇదుగో. ఆ బకెట్టు ఇటు జరిపి, ఎవరైనా ఒక చెంబుతో కొలిచి నీళ్ళు పోయండమ్మా.