గుంటలున్న సర్ఫేస్‌తో రాపిడి నిజంగా తగ్గుతుందా? ఫుల్ రివ్యూ

హాయ్ అందరికీ, ఈరోజు ఒక ఐడియాని రివ్యూ చేద్దాం. ఆయిల్‌లో తిరిగే పార్టుల మీద కావాలనే చిన్న చిన్న గుంటలు, రంధ్రాలు పెడితే రాపిడి తగ్గుతుందంటారు కదా, అది ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ దెబ్బతింటుంది అన్నది చూద్దాం.

ముందు ఇది చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఇది సింటర్డ్ బ్రాంజ్ బుష్, అంటే పొడిని కాల్చి చేసిన కంచు గొట్టం, దీని లోపల షాఫ్ట్ తిరుగుతుంది, చిన్న ఫ్యాన్ మోటార్లలో ఉంటుంది. టిష్యూతో బాగా తుడిచేశా, పైన తడి లేదు. ఇప్పుడు హాట్ ఎయిర్ గన్‌తో కొంచెం వేడి చేస్తున్నా... అదిగో, చెమట పట్టినట్టు ఆయిల్ బొట్లు పైకొస్తున్నాయి చూశారా! నేనేం ఆయిల్ వేయలేదు, అంతా లోపల ఉన్నదే. రాగి, తగరం పొడి కలిపి అచ్చులో నొక్కి ఫర్నేస్‌లో కాలుస్తారు, రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి గానీ మధ్యలో సందులు మిగిలిపోతాయి, మొత్తం సైజులో దాదాపు 20 శాతం ఖాళీనే ఉంటుంది, ఆ ఖాళీల్లోకి వ్యాక్యూమ్‌లో పెట్టి ఆయిల్ ఎక్కిస్తారు. షాఫ్ట్ తిరిగి వేడెక్కితే ఆయిల్ బయటికొస్తుంది, ఆగి చల్లారితే మళ్ళీ లోపలికి పోతుంది. ఇంత సింపుల్‌గా ఉండి ఇంతకాలం నడిచే పార్టు చూస్తే నాకు నిజంగా ముచ్చటేస్తుంది.

ఇదే పని మన మోకాళ్ళలో ఇంకా గొప్పగా జరుగుతోంది. గుజ్జు అంటాం కదా, ఎముకల చివర ఉండే మృదులాస్థి, దాని బరువులో 70 నుంచి 80 శాతం నీళ్ళే. అందులోని రంధ్రాలు నానోమీటర్ల సైజులో ఉంటాయి కాబట్టి అడుగు వేయగానే లోపలి నీరు చటుక్కున బయటికి పోలేదు, అక్కడే ప్రెషర్‌లో ఇరుక్కుని బరువులో ఎక్కువ భాగం తనే మోస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న కీలులో ఫ్రిక్షన్ కోఎఫిషియెంట్ (రాపిడి ఎంతుందో చెప్పే అంకె) 0.01 కంటే కిందకి కూడా పోతుంది, ఆయిల్ పల్చబడి ఇనుము ఇనుముకి తగిలే చోట అది 0.1 దగ్గర ఉంటుంది, పది రెట్లు తేడా అన్నమాట. కదలకుండా అదే చోట బరువు పెట్టి ఉంచితే మాత్రం నీరు మెల్లగా జారిపోయి రాపిడి పెరుగుతుంది.

ఇక లేజర్ టెక్స్చరింగ్. 1990ల్లో ఇజ్రాయెల్‌లోని టెక్నియన్ యూనివర్సిటీలో ఇజాక్ ఎట్సియాన్ దీని మీద చాలా పనిచేశారు, మెకానికల్ సీల్స్, పిస్టన్ రింగుల మీద లేజర్‌తో గుంటలు కొట్టడం. ఒక్కో గుంట సుమారు 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) వెడల్పు, లోతు చూస్తే కొన్ని మైక్రాన్లే, అంటే గుంట అనడం కంటే పళ్ళెం అనాలి. పార్టు జారుతున్నప్పుడు గుంటలోని ఆయిల్ ముందంచు వైపు నెట్టుకుపోయి అక్కడ ప్రెషర్ పుడుతుంది, ఆ ప్రెషర్ రెండు సర్ఫేస్‌లని కాస్త పైకెత్తుతుంది. అరిగిన లోహపు పొడి కూడా అందులో పడిపోతుంది కాబట్టి గీతలు తగ్గుతాయి, పార్టు స్టార్ట్ అయ్యేటప్పుడు ఆయిల్ ఇంకా రాకముందు ఆ కాస్త నిల్వే ఆదుకుంటుంది.

లోతు దగ్గరే అందరూ పొరపాటు పడతారు. లోతు ఎక్కువైతే ఆయిల్ అడుగున ఊరికే తిరుగుతుంది, ప్రెషర్ పుట్టదు. ఇంకోటి, లేజర్ కొట్టిన గుంట అంచున కరిగిన లోహం గట్టులా లేస్తుంది, దాన్ని సన్నగా పాలిష్ చేసి తీసేయకపోతే అది ఎదుటి పార్టుని ఆకురాయిలా గీరేస్తుంది, అప్పుడు టెక్స్చర్ లేని పార్టే నయం.

గేర్ పళ్ళ మీద, బాల్ బేరింగ్ ట్రాక్ మీద నేనైతే వద్దంటా. అక్కడ తగిలే చోటు చాలా చిన్నది, గుంట దానికంటే పెద్దదైతే ప్రెషర్ అందులోంచి తప్పించుకుపోయి మధ్యలో ఉండే సన్నటి ఆయిల్ పొర తెగిపోతుంది.

పిచర్ ప్లాంట్, అంటే పురుగుల్ని తినే కూజా ఆకారపు మొక్క, దాని గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా, దాని అంచు తడిసి ఉన్నప్పుడు పురుగులు జారి లోపల పడతాయి, దాన్నుంచే 2011లో హార్వర్డ్‌లో జొఆనా ఐజెన్‌బర్గ్ టీమ్ రంధ్రాల్లో ద్రవం నింపిన జారుడు సర్ఫేస్ చేసింది. అద్భుతమే, కానీ అది ద్రవాలు, మురికి అంటకుండా చూసుకోడానికి, బరువు మోసే బేరింగ్‌కి కాదు.

ఇంజిన్ సిలిండర్ లైనర్‌కి, అంటే పిస్టన్ పైకీ కిందకీ కదిలే గొట్టానికి, నా ఫుల్ మార్కులు. హోనింగ్ చేసినప్పుడు, అంటే రుద్దుడు రాళ్ళతో లోపలి గోడని రుద్దినప్పుడు, పడే అడ్డగీతలు ఆయిల్ పట్టి ఉంచుతాయి, పైన శిఖరాలు మాత్రం చదును చేస్తారు, లోయలు అలాగే ఉంచుతారు. ఆ గీతలు అరిగి లైనర్ అద్దంలా మెరుస్తోందంటే మంచిదనుకోకండి, ఆయిల్ నిలిచే చోటు పోయినట్టే.

సింటర్డ్ బుష్ కొనేవాళ్ళు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. విడిగా ఉన్న బుష్‌ని అట్టపెట్టెలో, కాగితంలో చుట్టి పెట్టొద్దు, అవి ఆయిల్ పీల్చేస్తాయి, ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. షాఫ్ట్ బిగుతుగా ఉందని లోపల ఎమరీతో రుద్దకండి, రంధ్రాల మూతులు పూడుకుపోతాయి, లోపల ఎంత ఆయిల్ ఉన్నా షాఫ్ట్‌కి అందదు.