అవార్డు సినిమా వరంగల్‌కి ఎందుకు ఆలస్యం?

అందరికీ నమస్కారం.

"ఆ సినిమాకి అంత పెద్ద అవార్డు వచ్చిందట, మన దగ్గర ఎప్పుడు పడుతుంది?" వరంగల్‌లో సినిమా పిచ్చి ఉన్నవాళ్లు ఎప్పుడూ అడిగేదే ఇది. "ఇక్కడ చూసేవాళ్లు ఎవరున్నారండీ" అన్నది దీనికి సిద్ధంగా ఉండే జవాబు. నేను ఆ జవాబు ఒప్పుకోను. మొదటి వారం నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్న లెక్కలోనే ఈ ఆలస్యమంతా ఉంది.

రీళ్ల కాలంలో కారణం కళ్లముందే కనిపించేది. ప్రింటు ఖరీదైన వస్తువు. చిన్న నిర్మాత కొద్ది ప్రింట్లే తీయించి, ముందు ఎ సెంటర్లలో, అంటే పెద్ద ఊళ్లలో ఆడించి, తర్వాత అవే డబ్బాలు బి, సి సెంటర్లకు, అంటే చిన్న ఊళ్లకు పంపేవాడు. ఇప్పుడు డబ్బాలు లేవు. హాళ్లకు డిజిటల్‌గా సినిమా పంపే క్యూబ్, యూఎఫ్‌ఓ లాంటి కంపెనీల ద్వారా సినిమా హైదరాబాద్‌కీ హనుమకొండకీ ఒకేసారి చేరగలదు. సెన్సార్ సర్టిఫికెట్ కూడా దేశమంతటికీ ఒకటే. అయినా ఆలస్యం పోలేదు. ప్రింటు ఖర్చు పోయి డిజిటల్ చార్జీ వచ్చింది, తెరలు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు కొత్త సినిమాలు ఇవ్వకుండా ఆపేసింది ఈ చార్జీల మీద గొడవతోనే. పెద్ద సినిమాకి అదొక చిల్లర ఖర్చు, చిన్న సినిమాకి గుదిబండ.

అసలు చిక్కు అద్దె దగ్గర ఉంది. మల్టీప్లెక్సులో లెక్క పర్సంటేజీ మీద, అంటే వచ్చిన కలెక్షన్‌లో వాటాల మీద నడుస్తుంది. జనం రాకపోతే హాలువాళ్లూ, నిర్మాతా ఇద్దరూ నష్టపోతారు. మన సింగిల్ స్క్రీన్లలో చాలాచోట్ల అద్దె పద్ధతి, సినిమా తెచ్చినవాడు హాలుకి ఇంతని కట్టాలి. పదిమంది కూర్చున్నా, హౌస్‌ఫుల్ అయినా అద్దె మారదు. కలెక్షన్ ఖర్చుకి చాలకపోతే 'డెఫిసిట్' అంటారు, ఆ తేడా సినిమా తెచ్చినవాడే కట్టుకోవాలి. అప్పు చేసి సినిమా తీసినవాడు ముందు ఏ ఊరు ఎంచుకుంటాడు? మల్టీప్లెక్సులు ఎక్కువున్న ఊరే కదా.

తమాషా ఏమిటంటే ఈ పద్ధతి హాలు యజమానులకూ నచ్చదు. పెద్ద సినిమాలు జనం ఉన్నన్నాళ్లు అద్దె మీద ఆడి, పలచబడ్డాక పర్సంటేజీకి మారతాయని వాళ్ల బాధ. పర్సంటేజీ పెట్టకపోతే జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని 2025 మేలో అన్నారు, తర్వాత వెనక్కి తగ్గారు.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోరు. సినిమా వ్యాపారం లెక్కలో నైజాం, అంటే దాదాపు తెలంగాణ అంతా, ఒకే ఏరియా, వరంగల్ తెర మీద ఏం పడాలో తేలేది హైదరాబాద్‌లో. అక్కడ చూసేది పాత కలెక్షన్లు. ఇలాంటి సినిమా కోసం ఆగలేనివాడు ఏం చేస్తాడు? ఆదివారం రైలెక్కి హైదరాబాద్ వెళ్లి చూసొస్తాడు. నిట్ కుర్రాళ్లూ, కాకతీయ యూనివర్సిటీ పిల్లలూ చేసేది అదే. మన ఊరి టికెట్ డబ్బు హైదరాబాద్ ఖాతాలో పడుతుంది. మనకి మిగిలేది "వరంగల్‌లో డిమాండ్ లేదు" అన్న మాట. ఎప్పుడైనా సినిమా వచ్చినా పనిరోజు ఉదయం ఆట ఇస్తారు, ఉద్యోగస్తులు ఎలా వస్తారు? సోమవారానికి ఎత్తేస్తారు. అదింకో రుజువు!

'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' సినిమా సంగతి చూడండి. 2024 మేలో ఫ్రాన్స్‌లోని కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో రెండో పెద్ద అవార్డైన గ్రాండ్ ప్రి గెలిచింది. సెప్టెంబరులో కేరళలో కొద్ది హాళ్లలో వేశారు. దేశమంతటా విడుదలైంది నవంబరు 22న, అదీ మన రానా దగ్గుబాటి సంస్థ పంపిణీ చేస్తే. కాన్ విజేతకే అన్ని నెలలు పట్టింది.

దారి లేకపోలేదు. 2013లో 'షిప్ ఆఫ్ థీసియస్' అనే చిన్న సినిమా మొదట కొద్ది నగరాల్లోనే వచ్చింది. ఫేస్‌బుక్‌లో "మా ఊరికీ కావాలి" అని జనం చేత ఓట్లు వేయించి, వాటిని బట్టి మిగతా ఊళ్లకు తీసుకెళ్లారు. ఓటు కంటే టికెట్ గట్టిదని నా ఉద్దేశం. మొదటి వారంలోనే, శనివారం ఫస్ట్ షోకి, వంద టికెట్ల డబ్బు ముందే కడతామంటే డెఫిసిట్ భయం చాలావరకు తగ్గుతుంది. ఆలస్యమైతే లాభం లేదు, కొన్ని వారాలు తిరిగేసరికి సినిమా ఓటీటీలో ఉంటోంది.

హాలు యజమానులు కొందరు ఈ సభలోనే ఉన్నారు. వంద సరిపోతాయా, ఇంకా కావాలా అన్నది వాళ్లే చెప్పాలి. మైకు వాళ్లకిస్తున్నాను.