ఫిర్యాదుల పుస్తకం ఎవరు చదువుతున్నారు?

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో తెలుగులో మాట్లాడమని పిలిస్తే రానని ఎవరంటారు, అందులోనూ ఇది గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. కాకపోతే నిర్వాహకులు నాకు అప్పజెప్పిన విషయమే కాస్త చేదుది. యూనివర్సిటీ లైబ్రరీల మీద పిల్లలు చేసే ఫిర్యాదులు, వాటికి మేం చెప్పే జవాబులు. నేను కౌంటరుకి లోపలి వైపు కూర్చునే మనిషిని, మీరు బయటి వైపు నిలబడేవాళ్ళు. కాబట్టి మధ్యలో ఎవరైనా గొడవ పెట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు, కానీ కాసేపు వినండి.

మీలో కొందరు బరంపురం వైపు చదువుతున్నారు, కొందరు కొరాపుట్ వైపు, కొందరు అటు శ్రీకాకుళం, విశాఖ. ఎక్కడి లైబ్రరీ ఫిర్యాదుల పుస్తకం తిరగేసినా ఇంచుమించు ఇవే మాటలు. ఫ్యాన్ తిరగదు. ఛార్జింగ్‌కి ప్లగ్గు లేదు. కంప్యూటర్లో పుస్తకం ఉందంటుంది, ర్యాక్‌లో ఉండదు. సార్లు తీసుకెళ్ళిన పుస్తకాలు ఏళ్ళు గడిచినా తిరిగి రావు, మాకేమో ఒక్క రోజు ఆలస్యమైతే ఫైన్. ఆడపిల్లల బాత్రూం తలుపుకి గడియ లేదు. తెలుగు పుస్తకాలు తలకిందులుగా పెట్టారు. ఇవన్నీ అబద్ధాలని ఏ లైబ్రేరియన్ అయినా అంటే నమ్మకండి, చాలావరకు నిజాలే. పిల్లలకి పనిలేక రాస్తారని అనే పెద్దలు కొందరున్నారు గానీ, పనిలేని మనిషి లైబ్రరీకి వచ్చి, పుస్తకం వెతుక్కుని, దొరక్క, మళ్ళీ ఆ దారానికి కట్టిన పెన్నుతో అర పేజీ రాయడు.

రాశాక ఏమవుతోంది అన్నదే నా బాధ. ఆ పుస్తకం నెలకోసారి ఆఫీసులోకి వెళ్తుంది, ప్రతి ఫిర్యాదు కింద "నోటెడ్" అని ఒక సంతకం పడుతుంది, పుస్తకం మళ్ళీ బల్ల మీదికి వస్తుంది. ఫ్యాన్ మాత్రం అలాగే ఉంటుంది. ఒకచోట నేను కళ్ళారా చూశాను, ఒక అమ్మాయి గడియ గురించి రాసింది, కింద నోటెడ్, మరుసటి నెల ఇంకో అమ్మాయి అదే గడియ గురించి, కింద నోటెడ్, ఆ తర్వాత ఎవరో పెన్సిల్‌తో "ఎన్నిసార్లు నోట్ చేస్తారు సార్" అని రాశారు, దానికి కూడా నోటెడ్! గడియ ఖరీదెంత, వడ్రంగి కూలి ఎంత, మీరే లెక్కేసుకోండి.

నా దృష్టిలో ఫిర్యాదుకి జవాబంటే ఈ మూడింట్లో ఒకటి కావాలి. చేసేశాం అనాలి, లేదా ఫలానా తేదీలోగా చేస్తాం అనాలి, లేదా ఇది మా చేతిలో లేదు, ఇంజనీరింగ్ సెక్షన్‌దో రిజిస్ట్రార్ గారిదో, మేం ఫలానా రోజున వాళ్ళకి లెటర్ పెట్టాం అనాలి. ఆ కాగితం నోటీసు బోర్డు మీద ఉండాలి, రాసినవాడికే కాదు, అదే ఇబ్బంది పడుతూ రాయకుండా ఊరుకున్న పదిమందికీ కనబడాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. లైబ్రరీలు ఎలా నడవాలో చెబుతూ రంగనాథన్ గారు 1931లో అచ్చువేసిన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమనే కదా. ఆయన మద్రాస్ యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా అవి రాసేనాటికి ఈ పర్లాకిమిడి కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే, 1936 ఏప్రిల్ 1న గదా ఒరిస్సాలో కలిసింది. కాబట్టి ఆయన సూత్రాలు మనకి పరాయివేం కావు.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు దగ్గరికి వద్దాం, కంప్యూటర్లో ఉంది, ర్యాక్‌లో లేదు. దీనికి కౌంటరు దగ్గర మా వాళ్ళు చెప్పే జవాబు "అక్కడే ఉంటుంది, సరిగ్గా చూడు". ఇంతకంటే ఒళ్ళు మండే మాట లేదు. అసలు సంగతులు వేరే ఉంటాయి. పుస్తకం తిరిగొచ్చింది, కంప్యూటర్లో రిటర్న్ కొట్టేశారు, కానీ సర్దే మనిషి సెలవులో ఉన్నాడు, పుస్తకం ట్రాలీలోనే పడి ఉంది. లేదా బైండింగ్‌కి వెళ్ళింది, ఆ మాట కంప్యూటర్లో ఎక్కించలేదు. లేదా, ఇది మీకు తెలిసిందే, నవ్వకండి, పరీక్షల ముందు ఎవరో ఎకనామిక్స్ పుస్తకాన్ని తీసుకెళ్ళి జియాలజీ ర్యాక్ వెనకాల దాచిపెట్టారు, రేపు తను ఒక్కడే చదువుకోవాలని. లేదా ఆ పుస్తకం పోయి చాలా ఏళ్ళయింది, లెక్కలోంచి తీసెయ్యలేదు.

ఈ చివరిది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఫిర్యాదుల్లో సగం దీనికి చుట్టరికం ఉన్నవే. పుస్తకం పోయిందని రాస్తే ఆడిట్ వాళ్ళు అడుగుతారు, జీతంలో కోత పడుతుంది, రిటైరయ్యేటప్పుడు క్లియరెన్స్ ఆగుతుంది, ఈ భయం లైబ్రరీ సిబ్బందికి ఉగ్గుపాలతో పెట్టింది. అందుకే పోయిన పుస్తకం కంప్యూటర్లో బతికే ఉంటుంది. అందుకే సంచి బయట పెట్టమంటారు, కొత్త పుస్తకాలు అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తారు, రిఫరెన్స్ పుస్తకాన్ని ముట్టుకుంటే దొంగని చూసినట్టు చూస్తారు. నిజానికి కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 215వ రూల్ ఏమంటుందంటే, ఏడాదిలో ఇష్యూ అయిన, లేదా అక్కడే కూర్చుని చూసిన ప్రతి వెయ్యి పుస్తకాలకీ అయిదు పోతే అది మామూలు నష్టమే, మోసమో నిర్లక్ష్యమో లేనంతవరకు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమైతే, అరుదైన పుస్తకమైతే, విచారణ చెయ్యాలి. రాష్ట్ర యూనివర్సిటీల సొంత రూల్స్ వేరుగా ఉండొచ్చు, అవి చూసుకోవాలి. కానీ చదివే చోట పుస్తకాలు కొన్ని పోతాయని సర్కారే ఒప్పుకున్నప్పుడు మనమెందుకు ఇంత బిగుసుకుపోవాలి? స్టాక్ వెరిఫికేషన్ సక్రమంగా చేసి, పోయినవాటిని లెక్కలోంచి తీసేసి, మళ్ళీ కొనమని రాస్తే సగం ఫిర్యాదులు అక్కడికే తీరతాయి. ఈ మాట పిల్లల ముందు అన్నందుకు మా వాళ్ళకి నా మీద కోపం వస్తుంది, రానీండి.

సార్ల దగ్గరున్న పుస్తకాల గురించి ఎక్కువ మాట్లాడను. డ్యూ డేట్ అందరికీ ఒకటే ఉండక్కర్లేదు గానీ, ఇంకొకరు అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలన్న రూలు మాత్రం ప్రొఫెసరుకీ ఉండాలి.

తెలుగు పుస్తకాలు. ఇక్కడ కాస్త నిదానిస్తాను. సరిహద్దు జిల్లాల్లో చాలా లైబ్రరీల్లో తెలుగు ర్యాక్ అంటే చివరి వరస, కిటికీ పక్కన, వానజల్లు కొట్టే చోటు. పుస్తకాలు సర్దే కుర్రాడికి ఒడియా వచ్చు, ఇంగ్లీషు వచ్చు, తెలుగు అక్షరం రాదు. పాపం వాడేం చేస్తాడు, ఎత్తు చూసి సర్దుతాడు, పొడవాటివి ఒక పక్క, పొట్టివి ఇంకో పక్క. మన అక్షరాల్లో తల ఎటో కాలు ఎటో వాడికి తెలియదు కాబట్టి సగం తలకిందులు. దీని మీద మన పిల్లలు రాసిన ఫిర్యాదుల్లో కోపం చూశాను, భాషని అవమానించారని. నాకు అలా అనిపించదు. ప్రతి పుస్తకం వీపు మీదా ఒక చీటీ ఉండాలి, దాని మీద నంబరు. విషయాన్ని బట్టి పుస్తకాలకి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827, ఒడియా సాహిత్యానికి 891.456. అంకెలు అందరికీ వచ్చు కదా, చీటీ నిలువుగా ఉంటే పుస్తకమూ నిలువుగా ఉంటుంది. మరి చీటీలేవి? పాత జిగురు బొద్దింకలు తినేశాయి, చెమ్మకి మిగతావి ఊడిపోయాయి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు వచ్చిపోయిన ప్రాంతం మనది, ఇక్కడి పుస్తకాల బూజు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. కాబట్టి ఆ ఫిర్యాదులో "తెలుగుని పట్టించుకోరు" అని రాసే బదులు "ఫలానా వరసలో చీటీలు లేవు, కొత్త చీటీలు వెయ్యండి, తెలుగు చదవగలిగిన మేం ఇద్దరం వచ్చి సాయం చేస్తాం" అని రాసి చూడండి. ఇలాంటి ఫిర్యాదు కింద నోటెడ్ అని రాయడానికి చెయ్యి రాదు.

కొత్త తెలుగు పుస్తకాలు ఎందుకు రావు అన్నదానికి కారణం ఇంకా సాదాసీదాది. పుస్తకాలు కొనేది ఎక్కువగా డిపార్ట్‌మెంట్లు ఇచ్చే ఇండెంట్ల మీద, అంటే మాకు ఫలానా పుస్తకాలు కావాలని రాసిచ్చే కాగితాల మీద. తెలుగు డిపార్ట్‌మెంట్ లేనిచోట తెలుగు పుస్తకానికి ఇండెంట్ ఇచ్చే దిక్కు లేదు, అంతే. కుట్రలేం లేవు. కానీ చాలా లైబ్రరీల్లో పాఠకుడు కూడా పుస్తకం సూచించొచ్చు, దానికో ఫారం ఉంటుంది, దాన్ని ఎవరూ అడగరు. హిస్టరీలో పీజీ చేసే పిల్లవాడు పర్లాకిమిడి జమీందారీ మీదో, సవర భాష మీదో తెలుగులో వచ్చిన పుస్తకం కావాలంటే హిస్టరీ డిపార్ట్‌మెంట్ ద్వారానే అడగొచ్చు. గిడుగు వారు సవర భాషకి చేసిన పని ఈ ఊళ్ళోనే మొదలైంది, ఆ పుస్తకాలు ఈ చుట్టుపక్కల లైబ్రరీల్లో దొరక్కపోతే ఇంకెక్కడ దొరకాలి?

ఇక సీట్లు, టైమింగులు. పరీక్షల కాలంలో ఉదయమే వెళ్తే తప్ప కుర్చీ దొరకదు. కుర్చీ మీద వాటర్ బాటిల్ ఉంటుంది, మనిషి ఉండడు. పైగా రైల్వే, బ్యాంకు, పోలీసు ఉద్యోగాలకి ప్రిపేర్ అయ్యేవాళ్ళు సొంత పుస్తకాలతో వచ్చి రోజంతా కూర్చుంటారని కోర్సు పిల్లలు ఫిర్యాదు చేస్తారు, వాళ్ళని పంపించెయ్యమని. నేను దీనికి ఒప్పుకోను. ఒకే గదిలో టీవీ, వంట, చిన్నపిల్లలు ఉండే ఇంట్లోంచి వచ్చినవాడికి నిశ్శబ్దంగా ఉన్న ఒక కుర్చీ ఎంత విలువైనదో మీకు తెలుసు, మీలో చాలామంది ఆ ఇళ్ళనుంచే వచ్చారు. వాళ్ళకి వేరే హాలు కావాలి, సొంత పుస్తకాలతో కూర్చునేది, ర్యాకులకి దూరంగా ఉండేది, అప్పుడు లైబ్రరీ మూసేశాక కూడా దాన్ని తెరిచి ఉంచొచ్చు. రాత్రిదాకా తెరవాలంటే వాచ్‌మన్, లైట్లు, హాస్టల్ దాకా ఆడపిల్లలు వెళ్ళే దారి, ఇవన్నీ లైబ్రేరియన్ సంతకంతో అయ్యేవి కావు. ఆ ఫిర్యాదు రిజిస్ట్రార్ పేరున రాయండి.

ఈమధ్య ప్రతి ఫిర్యాదుకీ ఒక రెడీమేడ్ జవాబు తయారైంది, "అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా" అని. కొంత నిజమే, కాదనను. 2025 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ యూనివర్సిటీలకి, కాలేజీలకి 30 మంది పబ్లిషర్ల జర్నళ్ళు, దాదాపు 13 వేలు, అందుబాటులోకి వచ్చాయి. థీసిస్‌లకి శోధ్‌గంగ ఉంది, నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. ఇవి ఉన్నాయని కూడా తెలియని పీహెచ్‌డీ విద్యార్థులు నా దగ్గరికి వస్తారు, అది మా ప్రచారలోపం. కానీ గజపతి జిల్లా కొండల్లో ఊరికెళ్తే సిగ్నల్ కోసం చెట్టెక్కే పిల్లవాడికి, చేతిలో పగిలిన స్క్రీన్ ఫోన్ ఉన్నవాడికి, ఆన్‌లైన్‌లో చూసుకో అని చెప్పి ఫ్యాన్ ఫిర్యాదు కూడా దాటవెయ్యడం దగా.

జెరాక్స్ గురించి ఒక ముక్క. చాప్టర్ జెరాక్స్ తీయిస్తే కాపీరైట్ కేసు అవుతుందని కొన్నిచోట్ల భయపెడుతున్నారట. ఢిల్లీ యూనివర్సిటీ జెరాక్స్ షాపు మీద పెద్ద పబ్లిషర్లు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు చదువు చెప్పే పని కోసం కోర్సు పాఠాలు కాపీ తీయడం చట్టం ఒప్పుకున్నదేనని చెప్పింది. పుస్తకమంతా తీసి అమ్ముకోవడం వేరు, గుర్తుంచుకోండి.

ఎక్కడ రాయాలి, ఎలా రాయాలి. ముందు లైబ్రరీలోనే. తేదీ, ఏ హాలు, పుస్తకమైతే అక్సెషన్ నంబరు, అంటే లైబ్రరీ ప్రతి కాపీకీ వేసే సొంత నంబరు, ఇవి ఉండాలి. "లైబ్రరీ దండగ" అని రాస్తే నాకు మీ కోపం అర్థమవుతుంది గానీ చెయ్యాల్సిన పని అర్థం కాదు. కౌంటరులో ఫలానావిడ దురుసుగా మాట్లాడిందని రాసేటప్పుడు ఏం జరిగిందో రాయండి, ఆవిడ ఎలాంటిదో వద్దు. తెలుగులో రాయొచ్చా అని అడుగుతారు. రాయొచ్చు, చదివించుకోవలసిన బాధ్యత వాళ్ళది, నా అభిప్రాయం అంతే. అయినా ఒకచోట తెలుగు ఫిర్యాదు కింద "భాష తెలియదు" అని రాసి వదిలేశారు, కాబట్టి పని కావాలనుకుంటే కింద ఒడియాలోనో ఇంగ్లీషులోనో రెండు వాక్యాలు వెయ్యండి, మీ పక్కనున్న ఒడియా స్నేహితుడు రాసిపెడతాడు, వాడికీ అదే ఫ్యాన్ కింద ఉక్కపోస్తోంది.

రాసినదాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. జవాబు రాకపోతే పైన దారి ఉంది. యూజీసీ 2023లో తెచ్చిన రెగ్యులేషన్ల ప్రకారం ప్రతి యూనివర్సిటీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అందులో ఒక విద్యార్థి ప్రతినిధి ఉండాలి, ఫిర్యాదు అందిన వీలైనంతవరకు 15 పనిదినాల్లో కమిటీ రిపోర్టు ఇవ్వాలి. దానితో తృప్తి లేకపోతే, అప్పీళ్ళు వినే అధికారి అయిన అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీలు చేసుకోవచ్చు. మొదటిరోజే అక్కడికి పరుగెత్తకండి, గడియ కోసం అంబుడ్స్‌పర్సన్ దాకా వెళ్ళాల్సి వస్తే అది మా సిగ్గు. కానీ నోటెడ్ అని మూడోసారి పడితే మాత్రం మొహమాటపడొద్దు.

నా టైం అయిపోయిందని అధ్యక్షుల వారు వాచీ చూపిస్తున్నారు. గుమ్మం దగ్గర బల్ల మీద పుస్తకాలు సూచించే నమూనా ఫారాలు పెట్టించాను, పుస్తకం పేరు, రచయిత, పబ్లిషరు, ఎందుకు కావాలో ఒక వాక్యం, అంతే. మీమీ లైబ్రరీ ఫారం దొరక్కపోతే ఇదే రాసి ఇవ్వండి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. ఇక అడగండి. ముందు కోపంగా ఉన్నవాళ్ళు, ఆ వెనక వరసలో ఇందాకట్నుంచి చెయ్యెత్తి ఉంచిన అమ్మాయి, నువ్వు చెప్పమ్మా.