దిల్‌ఖుష్ తల్లి ఎవరు?

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో రైతుల సహకార సంఘం హాప్‌కామ్స్ దుకాణంలో దిల్‌ఖుష్ ద్రాక్ష నోట్లో వేసుకుని, "ఇది మన అనాబ్-ఎ-షాహీలాగే ఉందే!" అనే తెలుగువాళ్లను నేను చూశాను. అనరూ మరి? హైదరాబాదు తోటల్లో పేరుమోసిన అనాబ్-ఎ-షాహీ నుంచి వచ్చిన క్లోనే దిల్‌ఖుష్.

ద్రాక్షకు గింజ నాటితే తల్లి పోలిక నిలవదు. అందుకే కొమ్మ ముక్కలు నాటుతారు. అలా నాటిన తీగలన్నీ ఒకేలా ఉండాలి. కానీ ఎప్పుడో కొమ్మ మీద చిగురు పుట్టే ఒక కన్ను తనంతట తాను మారిపోతుంది. కాయ సాగుతుంది, లేదా రంగు తిరుగుతుంది. ఆ కొమ్మను వేరుచేసి పెంచితే అదే క్లోన్. థాంప్సన్ సీడ్‌లెస్ అనే గింజలేని రకం నుంచి మహారాష్ట్రలో తాస్-ఎ-గణేశ్, సోనాకా ఇలాగే పుట్టాయి.

మరి రెండు క్లోన్లలో ఏది మేలు? గుత్తులు తూస్తే తేలిపోతుందనుకుంటాం. తేలదు. నేల, తీగ వయసు, పందిరి, కింద వేరుకోసం అంటు కట్టిన మొక్క అన్నీ ఒకటే అయి ఉండాలి. ఒక్క కాపుతో తీర్పు చెప్పకూడదు, కొన్నేళ్లు చూడాలి. కత్తిరించిన కొమ్మల్నీ తూయాలి. ఈ తూకాన్ని చాలామంది వదిలేస్తారు, నా లెక్కలో అసలు కథంతా అక్కడే ఉంది. కిలో కొమ్మకు 5 నుంచి 10 కిలోల పండు ఉంటే తీగ నిలకడగా ఉన్నట్టు. 10 దాటితే మోయలేని బరువు మోస్తోందన్నమాట, వచ్చే ఏడు అలుగుతుంది. 5 లోపుంటే ఆకే తప్ప కాపు లేదు. అయితే ఇది చలిదేశాల కొలత. అక్కడ తీగ చలికాలం నిద్రపోతుంది, ఏడాదికి ఒకసారే కత్తిరిస్తారు. మన దగ్గర తీగకు నిద్రే లేదు. ఏప్రిల్‌లో కొమ్మ తయారీకి ఒకసారి, అక్టోబరులో కాపుకు మరోసారి కత్తెర పడుతుంది. ఏ కత్తిరింపు తూకమో రాసుకోకపోతే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు.

ఇక తీపి. రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరం మీద ఒక చుక్క రసం వేస్తే బ్రిక్స్, అంటే రసంలోని తీపి కొలత, తెలుస్తుంది. పులుపు వేరే కొలవాలి. రెండు క్లోన్లనూ ఒకే రోజు కోస్తే, ఎక్కువ కాసినది పుల్లగా తేలొచ్చు. అది చెడ్డ క్లోన్ కాకపోవచ్చు, వారం ఆలస్యంగా పండేదేమో!

చిక్కబళ్లాపూర్ వైపు పందిళ్లున్న మన రైతులు ఎవరైనా వింటుంటే ఒక మాట. వింత కొమ్మ కనబడితే వెంటనే కత్తెర పెట్టకండి. దానికో రంగు గుడ్డ కట్టి, రెండు కాపులు చూడండి.