గుర్రం తల ఫిడేలుతో రాక్: ది హు బ్యాండ్ ‘ది గెరెగ్’ ఆల్బమ్ ఎలా ఉంది?

అందరికీ నమస్కారం. ఇప్పుడు వెనకాల వినిపించింది చూశారా, జుయ్యిమని కోసుకుంటూ పోయిన ఆ స్వరం? మొదటిసారి విన్నప్పుడు నేనైతే ఎలక్ట్రిక్ గిటార్ అనుకున్నా. తర్వాత వీడియో చూస్తే, పొడుగు జుట్టాయన మోకాళ్ల మధ్య ఒక చెక్కపెట్టె పెట్టుకుని కమానుతో వాయిస్తున్నాడు. తీగలు రెండే. కొసన చెక్కిన గుర్రం తల. దాన్ని మోరిన్ ఖూర్ అంటారు. మంగోలియా వాళ్ల ఫిడేలు అనుకోండి.

ఈరోజు మనం వినబోయేది మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ బ్యాండ్ ‘ది హు’ మొదటి ఆల్బమ్, ‘ది గెరెగ్’. 2019 సెప్టెంబరులో వచ్చింది, 9 పాటలు. హు అంటే మంగోలియన్‌లో మనిషి. గెరెగ్ అంటే మంగోల్ సామ్రాజ్యంలో రాజదూతలు వెంట తీసుకెళ్లే అనుమతి బిళ్ల, ఇప్పటి పాస్‌పోర్టు లాంటిది. పేరు కలిసొచ్చినట్టుంది, ఈ పాటలతోనే వాళ్లు దేశాలు తిరిగారు.

పాటల్లోకి వెళ్లేముందు ఆ వాయిద్యం గురించి కాస్త చెప్పనివ్వండి, నాకు అసలు మజా అక్కడే ఉంది. దాని తీగలు గుర్రపు వెంట్రుకలు. పాత లెక్క ప్రకారం ఒక తీగకు మగగుర్రం తోకవి 130, రెండోదానికి ఆడగుర్రం తోకవి 105. ఇప్పుడు నైలాన్ కూడా వాడుతున్నారు. మన వయొలిన్‌లో లాగా తీగను కిందికి అదమరు, గోటి మొదలుతో పక్కనుంచి తోస్తారు. అందుకే ఆ స్వరంలో కొంచెం గరుకు, కొంచెం ఏడుపు ఉంటాయి. ఒకప్పుడు పెట్టెకు తోలు కట్టేవాళ్లు. 20వ శతాబ్దంలో కచేరీ హాళ్లకు సరిపడేలా చెక్క పలక బిగించారు, వయొలిన్‌కి ఉండే లాంటి కన్నాలు పెట్టారు.

మన దగ్గర దారి వేరు. యూరప్ నుంచి వచ్చిన వయొలిన్‌నే నేల మీద కూర్చుని, దాని తల పాదానికి ఆనించి, గమకాలు పలికించాం. వీళ్లేమో సొంత ఫిడేలును తీసుకెళ్లి డ్రమ్స్, గిటార్ల మధ్య కూర్చోబెట్టారు.

ఇక పాటలు. ‘యువే యువే యు’తో మొదలుపెట్టండి. 2018లో వాళ్లను ప్రపంచానికి పరిచయం చేసింది ఇదే. భాష రాకపోయినా ఆ పల్లవి నోట్లో నిలిచిపోతుంది. మంగోలుగా పుట్టామని గొప్పలు చెప్పుకుంటారు, పెద్దలిచ్చినదాన్ని మాత్రం పట్టించుకోరేం అని సొంత జనాన్నే దులపడం అందులో విషయం. మధ్యలో ఖూమీ వస్తుంది, ఒకే గొంతులోంచి ఒకేసారి రెండు స్వరాలు. బాణీలు ఎక్కువగా ఐదు స్వరాల మీదే నడుస్తాయి కాబట్టి మోహనమో హిందోళమో చెవిలో పడ్డట్టుంటుంది. రాగం కోసం వెతక్కండి, దొరకదు.

‘వుల్ఫ్ టోటెమ్’ జిమ్‌లో పెట్టుకునే పాట. అంతకుమించి చెప్పేదేం లేదు.

ఇప్పుడు నా ఫిర్యాదు. నాలుగైదు పాటలయ్యేసరికి అదే గుర్రం దౌడు, అదే కేకలు. పైగా అందరూ కలిసి గొంతెత్తినప్పుడల్లా ఫిడేలు అడుగున పడిపోతుంది. ఇంత మంచి వాయిద్యాన్ని చేతిలో పెట్టుకుని దాన్ని తొక్కేయడమేంటండీ! ‘షిరెగ్ షిరెగ్’లో జోరు తగ్గాకే నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడ కమాను మెల్లగా సాగుతుంటే తీగ గరగర కూడా వినపడుతుంది. నా ఓటు ఆ పాటకే.

పదికి ఏడున్నర ఇస్తా. కోసిన రెండున్నరలో ఒకటిన్నర మిక్సింగ్‌కి, అంటే ఫిడేలును అడుగున పడేసినందుకు, మిగతాది దౌడుకి. ఆల్బమ్ అయ్యాక అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా పాట ‘సాడ్ బట్ ట్రూ’ని వీళ్లు మంగోలియన్‌లో పాడింది కూడా వినండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి సుమా, ఫోన్ స్పీకర్‌లో ఆ కింది తీగ అసలు వినపడదు.